తడి తగలని డబ్బా

జూన్ 2, సోమవారం

మళ్ళీ తడిసింది. పొద్దున్నే మా డబ్బాల వేట ఆట సైటు తెరిస్తే బర్నీ ఊరి నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాం రాసి పెట్టారు: "డబ్బా దొరికింది. లోపల పుస్తకం మాత్రం ముద్ద. సంతకం పెడదామంటే కలం దిగబడుతోంది." కింద ఏడుస్తున్న మొహం బొమ్మ ఒకటి.

మార్చి నుంచి ఇది మూడో డబ్బా. మొదటిది నాలుగు క్లిప్పుల లంచ్ డబ్బా. రెండోది మరమూత సీసా. మూడోది రబ్బరు అంచున్న పల్చటి పెట్టె. "నీళ్ళు చొరబడవు" అని దాని మూత మీదే అచ్చేసి ఉంది. చొరబడ్డాయి. ముప్పై ఒక్క ఏళ్ళు ఈ జీహాన్ ఊళ్ళో నీళ్ళ పైపులు అతికినవాణ్ణి. రోడ్డు కింద పైపు చెమర్చినా నేలకి చెవి ఆనించి చెప్పేవాణ్ణి. అలాంటివాణ్ణి అరచేయంత నోటుపుస్తకాన్ని పొడిగా ఉంచలేకపోతున్నాను. సిగ్గుగా ఉంది. సిగ్గుకన్నా కోపంగా ఉంది.

పదకొండింటికి రోలీ ఫోను.

"ఒరేయ్ క్లెమ్, డాక్టరు నన్ను వదిలేశాడు. కర్ర పట్టుకుని నడవొచ్చట. ఇరవై ఎనిమిదికి నేనూ వస్తున్నా."

"కల్వర్టు దాకా నడవగలవా?"

"నా తుంటి కొత్తదిరా. నీ మోకాళ్ళే పాతవి. మన మొదటి పుస్తకం తీసుకురా. లోర్నా పేజీ అందరికీ చదివి వినిపిస్తాను."

"సరే" అన్నాను. 

ఇరవై ఎనిమిదికి సరిగ్గా ఇరవై రెండేళ్ళు. పాత రైలు కట్ట కింద రాతి కల్వర్టులో ఆ డబ్బా పెట్టినప్పుడు మేం ముగ్గురమే ఉన్నాం. నేను, రోలీ, వాడి భార్య లోర్నా. మొదటి పేజీ ఆవిడే రాసింది. ఆవిడ పోయి మూడేళ్ళు. మార్చిలో ఆపరేషన్‌కి వెళ్తూ రోలీ డబ్బాని నాకు అప్పగించాడు. అప్పటిదాకా కల్వర్టులో ఉన్నది వాడి మిలిటరీ తూటాల పెట్టె. బందు తుప్పు పట్టిందని నేనే మార్చేశాను. వాడికి చెప్పలేదు. తీసి ఇంట్లో పెట్టాల్సిన మొదటి పుస్తకాన్ని కూడా కొత్త డబ్బాలోనే ఉంచాను.

అదీ తడిస్తే మే నెలలో ఇంటికి తెచ్చాను, ఇప్పుడు కట్టెల పొయ్యి పక్కన ఆరుతోంది. ఆరిపోతుంది.

జూన్ 3

వాన. పుస్తకం ఆరుతోంది.

జూన్ 5, గురువారం

సామాన్ల కొట్టుకి వెళ్ళాను. షార్లీన్ కౌంటరు మీద మోచేతులు ఆనించి నా కోసమే కాచుకున్నట్టు చూసింది.

"మళ్ళీ వచ్చావా. ఈసారి ఏది మునిగింది?"

"మునగలేదు. చెమ్మ పట్టింది."

"నాకో సంగతి ఎప్పటికీ అర్థం కాదు క్లెమ్. అడవిలోకి పోయి డబ్బా దాస్తారు. ఎక్కడుందో మళ్ళీ లోకమంతటికీ చెప్తారు. అలాంటప్పుడు దాచడం దేనికి?"

"వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు లోపలి పుస్తకంలో పేరు రాసి, ఎక్కడిదక్కడ పెట్టేసి పోవాలి. అదే ఆట."

"పేరు రాస్తే ఏమిస్తారు?"

"ఏమీ ఇవ్వరు."

"ఏమీ ఇవ్వని ఆటకి నా కొట్లో సగం డబ్బాలు పట్టుకుపోయావు. ఆడు నాయనా, నువ్వు మానేస్తే నేనే నష్టపోతా."

అరలన్నీ వెతికాను. మందుబిళ్ళల సీసాలు చిన్నవి. అయస్కాంతమున్న తాళంచెవుల డబ్బీకి అసలు రబ్బరు అంచే లేదు. ఫిల్ము డబ్బీలు చూడ్డానికి ముద్దుగా ఉంటాయి, రెండు వానలకి చెరువులవుతాయి. ప్లాస్టిక్ పైపు ముక్కకి రెండు వైపులా మూతలు బిగిద్దామంటే మరల్లో ఇసుక పడుతుంది, నెల తిరిగేసరికి విప్పడానికి పహిల్వాను కావాలి. ఆఖరికి మందపాటి గోడలది, మూత లోపల గాడిలో గుండ్రటి రబ్బరు తాడు కూర్చున్నది ఒకటి దొరికింది. గోరుతో నొక్కి చూశాను. మంచి రబ్బరు. రబ్బరు సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"పోనీ రోలీని అడగరాదూ? ఆ తూటాల పెట్టె వాడిదేగా, ఇన్నేళ్ళు లోపలికి చుక్క పోలేదు" అంది షార్లీన్.

"వాడిప్పుడు విశ్రాంతి తీసుకుంటున్నాడు" అన్నాను. ఊరంతటికీ తెలుసన్నమాట, ఆ పెట్టె వాడిదని.

జూన్ 6

పరీక్ష పెట్టాను. బట్టలుతికే తొట్టి నిండా నీళ్ళు పోసి అందులో బీట్‌రూట్ డబ్బా రసం ఒంపాను. చుక్క లోపలికి పోయినా ఎర్రగా కనబడాలని. కొత్త డబ్బాలో తెల్ల కాగితం ముక్కలు నాలుగు వేసి, మూత బిగించి, మీద ఇటుక పెట్టి ముంచాను. నిన్న కల్వర్టు నుంచి తెచ్చిన మూడోదానితో సహా పాత మూడు డబ్బాల్నీ పక్కనే ముంచాను, వాటి నేరం రుజువు చేద్దామని.

పొద్దున్నించి సాయంత్రం దాకా ఉంచి తీశాను. నాలుగింటిలోనూ కాగితాలు తెల్లగా, పొడిగా ఉన్నాయి. నేరస్తులు మూడూ నిర్దోషులు.

అంటే డబ్బాల్లో తప్పు లేదు. తెరిచినవాళ్ళకి మూయడం రాదు. అంతే కదా. వానలో తెరుస్తారు, మూతని అలా తగిలించి పోతారు. కార్లలో తిరిగేవాళ్ళకి నీటి సంగతి ఏం తెలుసు.

జూన్ 8, ఆదివారం

పెట్టి వచ్చాను. కొత్త పుస్తకం, జిప్పు సంచీలో. సంచీ డబ్బాలో. డబ్బా కల్వర్టు లోపల తడి కాస్త తక్కువుండే వైపు రాళ్ళ మధ్య. నాలుగు వైపులా బొటనవేళ్ళతో నొక్కి, టపటపమని చప్పుడు విని మరీ మూశాను. ఫోటో తీసి సైటులో పెట్టి, కింద ఇలా రాశాను: "మూత ఇలా మూయాలి. చేతకానివాళ్ళు తెరవొద్దు."

కాస్త కటువుగా ఉందేమో. ఉండనీ.

తిరిగి చూసేసరికి నల్లకాకి పెద్దది ఒకటి నా సంచీ జిప్పు లాగి, వేటమాంసం కూరిన 'పై' రొట్టె మొత్తం పట్టుకుపోయింది. ఈ అడవిలో జిప్పు సరిగ్గా తీయడం వచ్చినది ఆ పక్షి ఒక్కటే.

జూన్ 10

పుస్తకం దాదాపు ఆరింది. పేజీలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. విడదీయలేదు. పూర్తిగా ఆరాక విడదీయాలి.

జూన్ 12, గురువారం

వాంబాట్ అత్త అని మారుపేరు పెట్టుకున్న ఒకావిడ సైటులో ఉంది. ఉల్వర్‌స్టన్‌లో నర్సట, మూడు వేల డబ్బాలు కనిపెట్టిందట. ఆవిడ నిన్న మా డబ్బా దగ్గరికి వచ్చింది. రాసింది చూడండి, ఉన్నదున్నట్టు దింపుతున్నాను: "డబ్బా బాగుంది. లోపల అంగుళం నీళ్ళున్నాయి. సంచీ మూల మూతలో ఇరుక్కుని బయటికి వేలాడుతోంది. తుడిచి సరిచేశాను. యజమాని ఏమీ అనుకోకూడదు."

యజమాని అనుకున్నాడు. తిరిగి రాశాను: "నేను పెట్టిన నాలుగు రోజుల్లో మీరు తప్ప ఎవరూ తెరవలేదు. సంచీ ఇరికించింది ఎవరో ఆలోచించుకోండి."

ఆవిడ జవాబివ్వలేదు. ఇస్తుందేమోనని మధ్యాహ్నం దాకా ఆరుసార్లు చూశాను.

జూన్ 14, శనివారం

ఆవిడ అబద్ధమాడిందని నిరూపించడానికి ఎనిమిదో తారీకు నేను తీసిన ఫోటో పెద్దది చేసి చూశాను. మూత. గాడి. నా బొటనవేలు. బొటనవేలి పక్కన, కుడి మూలలో, గోరంత మెరుపు. ఇంకా పెద్దది చేశాను.

సంచీ మూల.

ఫోటో మూసేసి లేచాను. తర్వాత పాత డబ్బాలు తీసుకుని వంటింటి బల్ల మీద ఒక్కొక్కదాన్నీ సంచీతో సహా మూసి చూశాను. ఈ డబ్బాలు లోతు తక్కువ. పుస్తకం పడుకోబెడితే సంచీ అంచు మూత దాకా లేస్తుంది. సీసా అయితే మరలోకే దూరుతుంది. తూటాల పెట్టె జానెడు లోతు, అందులో సంచీ అడుగున పడి ఉండేది, అంచుకి అందేదే కాదు. అతుకులో వెంట్రుకంత సందు చాలు, నీళ్ళు వాటంతట అవే లోపలికి పాకుతాయి. పనిలో చేరిన కుర్రాళ్ళకి మొదటిరోజు నేను చెప్పే మాటే అది. తొట్టిలో ముంచినప్పుడు నేను కాగితం ముక్కలే వేశాను. సంచీ వేయలేదు. అందుకే అన్నీ పరీక్ష నెగ్గాయి.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు మూడు నెలలుగా డబ్బాల్ని తిట్టాను, జనాన్ని తిట్టాను. వాళ్ళు ఎంత బాగా మూసినా ఏం లాభం, ప్రతి నెలా వెళ్ళి "సరిగ్గా" మూసి వచ్చింది నేనే.

వాంబాట్ అత్తకి క్షమాపణ రాయాలి. రేపు రాస్తాను.

జూన్ 15

రాయలేదు.

పుస్తకం తెరిచాను. ఆరింది, నిజమే. ఇటుకలా ఆరింది. వెన్న రాసే కత్తితో అట్ట లేపితే మొదటి పేజీ రెండోదానితో కలిసి పొరలుగా ఊడొచ్చింది. లోర్నా ఊదా రంగు స్కెచ్ పెన్నుతో రాసింది. ఇప్పుడక్కడ ఊదా మరక ఉంది. అక్షరం లేదు. దీపం కింద పెట్టి, భూతద్దం పెట్టి, వెనక నుంచి కూడా చూశాను. ఒక్క అక్షరం లేదు.

ఇన్నాళ్ళూ ఆరుతోంది ఆరుతోంది అని రాసుకున్నాను. మే నెలలో డబ్బాలోంచి తీసిన రోజే నాకు తెలుసు. తెలిసే తెరవలేదు.

జూన్ 17, మంగళవారం

రోలీ కర్ర టకటకలాడించుకుంటూ వచ్చేశాడు, ఫోను కూడా చేయకుండా. నేను ఆ ఇటుకలాంటి పుస్తకాన్ని ఐస్‌క్రీం డబ్బాలో పెట్టి సింకు కింద తోసేసరికి తలుపు తీసుకుని లోపలున్నాడు.

"ఏంట్రా ఆ మొహం? ఎవర్నైనా చంపి దాచావా?"

"టీ తాగుతావా?" అన్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా కాలు సింకు వైపే పోతోంది.

"తాగుతా. పుస్తకం చూపించు."

"బీరువాలో భద్రంగా పెట్టాను. అడుగున ఉంది. ఆ రోజు తెస్తాలే."

వాడు కుర్చీలో మెల్లగా కూర్చున్నాడు. కర్రని మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

"మూడేళ్ళయిందిరా ఆ పేజీ చూసి. తను పోయిన వారం వెళ్ళి చదువుకున్నా, అంతే. ఎప్పుడూ ఫోటో తియ్యలేదు. ఎక్కడికి పోతుంది, పెట్టెలోనే ఉంటుందిగా అనుకున్నా."

"అవును" అన్నాను.

"పెట్టె ఎలా ఉంది?"

"బాగుంది."

రెండు కప్పులు తాగి, నేను చేసిన స్కోన్ రొట్టెలు రాళ్ళలా ఉన్నాయని తిట్టి, మూడు తిని వెళ్ళాడు. గేటు దాకా పోయి చెయ్యి ఊపాడు. అప్పుడైనా పిలిచి చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. "మెట్టు జాగ్రత్త" అన్నాను.

జూన్ 19

జనం దానమిచ్చినవి అమ్మే దుకాణంలో పాత సామాను కింద అచ్చం మా మొదటి పుస్తకం లాంటిదే దొరికింది, పచ్చ అట్టది. ఇది మోసం కాదు. పైపు పగిలితే ఆ ముక్క కోసి కొత్త ముక్క వేస్తాం. నీళ్ళు మాత్రం పాతవే వస్తాయి. ఇదీ మరమ్మతే.

జూన్ 20

లోర్నా పంపిన క్రిస్మస్ కార్డులు పదకొండు దొరికాయి. ఎడమచేతి వాటం మనిషి. అక్షరాలన్నీ గాలికి వాలిన గడ్డిలా ఎడమకి ఒరిగి ఉంటాయి. ఆ దస్తూరీ నాకు కుడిచేత్తో రావడంలేదు. ఎడమచేత్తో ప్రయత్నిస్తున్నాను.

జూన్ 21

సాధనకే ఇరవై చిత్తుకాగితాలు నింపాను. చెయ్యి పీకుతోంది. కొంచెం వస్తోంది.

జూన్ 22, ఆదివారం

అసలు చిక్కు అక్షరాలు కాదు. ఆవిడ ఏం రాసిందన్నది. ఎన్నిసార్లు చదివి ఉంటాను, ఒక్క వాక్యం గుర్తు రాదు. వాన గురించి ఏదో ఉంది. నా గురించి, రోలీ గురించి ఏదో ఉంది. చదివినప్పుడల్లా నవ్వు వచ్చేది, అది మాత్రం గుర్తుంది. నవ్వు గుర్తుండి మాట గుర్తు లేకపోతే దేనికి పనికొస్తుంది.

చివరికి ఇలా రాశాను: "ఈ రోజు వానలో మేము ముగ్గురం ఈ డబ్బాను ఇక్కడ ఉంచాము. దీన్ని కనుగొన్న ప్రతి ఒక్కరికీ శుభం కలగాలి. క్లెమ్, రోలీ ఎంతో శ్రమపడి మంచి చోటు ఎంచారు. లోర్నా." బాగానే ఉంది. పేజీని టీ నీళ్ళలో ముంచి, పొయ్యి దగ్గర ఆరబెట్టాను. ఇరవై రెండేళ్ళ పాతదానిలాగే కనిపిస్తోంది.

జూన్ 24

రెండుసార్లు రోలీకి ఫోను చేయబోయి పెట్టేశాను.

జూన్ 26, గురువారం

మళ్ళీ కల్వర్టులో పెట్టడానికి షెడ్డులోంచి తూటాల పెట్టె తీశాను. తుప్పు గీకి, ఆకుపచ్చ రంగు రెండు పూతలు వేసి, అంచు రబ్బరు మార్చి, బందుకి నూనె పోశాను. సంచీలో కాగితాలు పెట్టి మరీ తొట్టిలో ముంచాను. పొడి. మార్చిలో ఇదే పని చేసి ఉంటే ఒక్క పూట పట్టేది. చేయలేదు. ఎందుకంటే పెట్టె వాడిది. వాడు మంచంలో ఉండగా నా డబ్బా వాడి పెట్టెకన్నా మెరుగనిపించుకోవాలని నాకు ఉబలాటం. ఇక్కడ రాసుకోకపోతే ఇంకెక్కడ రాసుకుంటాను.

జూన్ 28, శనివారం

పదకొండు మంది వచ్చారు. వాన వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. రోలీ ఆ కట్ట మీద ముప్పావుగంట నడిచాడు. నాలుగుసార్లు ఆగాడు, ప్రతిసారీ చుట్టూ అందాలు చూడ్డానికే ఆగానన్నాడు. స్కాలప్ అనే సముద్రపు చిప్పల మాంసం కూరిన పై రొట్టెలు బుట్ట నిండా తెచ్చిన పొట్టి మనిషి నా పక్కకి వచ్చి నిలబడింది.

"నేనే వాంబాట్ అత్తని" అంది.

"సంచీ ఇరికించింది నేనే" అన్నాను.

"ఫోటోలో చూశా. మొదటి రోజే చూశా. పై రొట్టె తింటావా, చల్లారిపోతోంది."

తిన్నాను. ఒకరికి నిజం చెప్పడం ఇంత తేలికా అనిపించింది. కానీ ఆవిడ వేరు, రోలీ వేరు.

అందరూ కల్వర్టు కింద గుమిగూడాక రోలీ చెయ్యి చాపాడు. పుస్తకం ఇచ్చాను. వాడు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. అట్ట తెరిచాడు. పేజీని చూశాడు. చాలాసేపు చూశాడు.  తర్వాత గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. కళ్ళు పేజీ మీదే ఉన్నాయి. నోట్లోంచి వస్తున్నది మాత్రం ఆ పేజీలో లేదు.

"'ఎవరికి దొరికినా సరే, వినండి. ఈ ఇద్దరు మొద్దులకి డబ్బా ఏ రాయి కింద పెట్టాలో తేల్చుకోడానికి రెండు గంటలు పట్టింది. థర్మాసులో టీ నేనే మొత్తం తాగేశా, వీళ్ళకి మిగల్చలేదు. ఇంత వాన కురిసే చోట కాగితం దాచాలన్న తెలివి వీళ్ళకే పుట్టాలి. వీళ్ళలో ఒక్కడే ఎక్కడైనా కనిపిస్తే రెండోవాడి దగ్గరికి తోలండి. విడివిడిగా వీళ్ళు దేనికీ పనికిరారు. లోర్నా.'"

అందరూ విరగబడి నవ్వారు. అదే నవ్వు. నాకు ఇరవై రెండేళ్ళుగా గుర్తున్న నవ్వు. రోలీ పుస్తకం మూసి నా చేతికిచ్చాడు. నా మొహం వైపు చూడలేదు. తిరుగుదారిలో కర్ర ఒక చేత్తో, వాంబాట్ అత్త భుజం ఒక చేత్తో పట్టుకుని నడిచాడు. నేను వెనక వచ్చాను.

జూన్ 29, ఆదివారం

పొద్దున తొమ్మిదికి రోలీ ఇంటికి వెళ్ళాను. ఐస్‌క్రీం డబ్బా చంకలో ఉంది. వాడు వంటింట్లో నిన్నటి బూట్లకి బురద గీకుతున్నాడు. బల్ల మీద డబ్బా పెట్టి మూత తీశాను.

"ఇదిరా అసలు పుస్తకం."

"తెలుసు."

"నిన్న తెలిసిందా?"

"పేజీ తెరవగానే. లోర్నా నిన్ను ఒక్కనాడైనా పొగిడిందా?"

"మరి అందరిముందూ ఎందుకు..."

"అందరూ లోర్నా మాట వినడానికొచ్చారు. నీ సంగతి వినడానిక్కాదు." బూటు కింద పెట్టాడు. "ఇప్పుడు ఎవరూ లేరు. చెప్పు."

"తెలుసన్నావుగా."

"నాకు తెలియడం వేరు, నువ్వు చెప్పడం వేరు. మొదట్నించి చెప్పు."

మార్చి నుంచి చెప్పాను. పెట్టె తీసేయడం, సంచీ, పొయ్యి పక్కన ఆరడం, బీరువా అబద్ధం, ఎడమ చెయ్యి. తూటాల పెట్టె మీద నా ఉబలాటం కూడా చెప్పాను.  అయ్యాక వాడు ఆ ఊదా మరక మీద వేలు పెట్టి, అలాగే ఉంచి, ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. నా మీద కోపం ఉందని చెప్పాడు. చాలారోజులు ఉంటుందని చెప్పాడు. ఉండాలి కూడా.

తర్వాత లేచి, సొరుగులోంచి తెల్లకాగితం, కలం తెచ్చి నా ముందు పడేశాడు.

"రాయి. కుడిచేత్తో రాయి, నీ దస్తూరీతోనే. నేను చెప్తా."

చెప్పాడు. రాశాను. 'మొద్దులు' అన్న మాట దగ్గర గట్టిగా నొక్కి మరీ చెప్పాడు. టీ, వాన, కాగితం, రెండోవాడి దగ్గరికి తోలడం, అన్నీ వరసగా వచ్చాయి. ఆ తర్వాత ఆగిపోయాడు. కిటికీ వైపు చూశాడు. మరిచిపోయాడో, నోట మాట రాలేదో నేను అడగలేదు. నిన్ననే విన్నాను కాబట్టి ఆ చివరి వాక్యం నాకు గుర్తుంది. 'విడివిడిగా వీళ్ళు దేనికీ పనికిరారు' అని పైకి చెబుతూ నేనే రాశాను.